కార్క్‌లో త్రికోణమితి కేసు

బ్లాంచర్డ్స్‌టౌన్,
25 జనవరి 2021

తమ్ముడు యెషయాకు,

దేవుని దయవల్ల ఇంట్లో ముగ్గురికీ జ్వరాలు లేవు. నువ్వూ అలాగే ఉన్నావనుకుని మొదలుపెడుతున్నాను, ఎందుకంటే అడిగే దారి లేదు. ఫోను సింకులో పడిందనీ, బియ్యం డబ్బాలో పెట్టాననీ ఒక్క ముక్క మెయిలు పెట్టి ఊరుకున్నావు. ఇప్పటికి బియ్యం వండుకున్నావో ఫోను వండుకున్నావో తెలియదు. తిరిగి మెయిలు పెడితే నువ్వు ఆఫీసు మెయిళ్ళు తప్ప ఇంకోటి తెరవవు. అందుకని స్టాంపు అంటించాను.

నీ ఫోను పడకముందు మా డెబోరాకు నీ చేత జూమ్‌లో లెక్కలు చెప్పిద్దామనుకుని నేను చేసిన పని గుర్తుందిగా? లింకు నీకు పంపబోయి చర్చి ఫెలోషిప్ గ్రూపులో పెట్టాను. డబ్లిన్‌లో ఉన్న మనవాళ్ళంతా వచ్చేశారు. పాస్టర్ ఆమోసు గారు లెక్కల కోసం ప్రార్థన మొదలుపెట్టి కరోనా మీదుగా ఇజ్రాయెలు దాకా వెళ్ళారు. ఆమెన్ అనేసరికి ఉచితంగా ఇచ్చే నలభై నిమిషాలూ అయిపోయాయి. నువ్వు ఒక మూల చిన్న గడిలో పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయావు.

సంగతి ఏంటంటే, దాని టీచరు మెయిలు పెట్టింది. బడి తెరిచాక పరీక్ష పెడతారట. అందులో సరిగా రాయకపోతే హయ్యర్ లెవెల్ లెక్కల నుంచి సులువైన ఆర్డినరీకి దించేస్తారట. ఇంజనీరింగ్ అంటోంది కదా, ఆర్డినరీ అయితే ఇక ఆ మాట మర్చిపోవడమే. అడిగితే "ఇట్స్ గ్రాండ్, మమ్" అంటుంది, ఇక్కడ బాగానే ఉందనడానికి అదే మాట. అన్నానికి రమ్మన్నా గ్రాండే, ఎందుకు ఏడ్చావన్నా గ్రాండే. గది తలుపు తియ్యదు. నేనేమో కోవిడ్ వార్డు డ్యూటీ నుంచి వచ్చి దాన్ని ముట్టుకోలేను. మీ బావ లీక్స్‌లిప్‌లో కంప్యూటరు చిప్పులు చేస్తాడు కానీ కోణాలు అడిగితే బాత్రూముకి పోతాడు.

లెక్క ఇది. ఒక చోట నుంచి చూస్తే గోపురం కొన ముప్పై రెండు డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది. యాభై మీటర్లు దగ్గరికి నడిస్తే నలభై ఎనిమిది. గోపురం ఎత్తెంత? శుక్రవారం లోపల పంపాలి. వేళకి తిను.

మీ అక్క
లీలారాణి


కార్క్,
31 జనవరి 2021

అక్కా,

నీ ఉత్తరం శుక్రవారమే వచ్చింది, అంటే గడువు నాడే. అయినా జవాబు ఒక్కటే పంపితే పిల్లకేం వస్తుంది? ఎత్తు డెబ్భై ఒకటిన్నర మీటర్లకి కాస్త తక్కువ. వెనక కాయితం మీద మొత్తం చేసి చూపించాను. కోణానికి తీటా బదులు 'క' అని పెట్టాను, ఎత్తుకి 'ఎ'. అమ్మాయికి నాలుగు తెలుగక్షరాలు కూడా వస్తాయని. బావ వాటిని చూసి కొత్త ఫార్ములా అనుకోగలడు, చెప్పు.

చేశాక నాకు తృప్తి కలగలేదు. పుస్తకంలో గోపురాన్ని నమ్మడం ఏంటి, ఊళ్ళో నిజం గోపురం ఉండగా? పిజ్జా అట్టపెట్టె కోసి కోణమానిని చేశాను. దారం కట్టి చివర తాళంచెవి వేలాడదీశాను. నిన్న పొద్దున చర్చి గోపురాన్ని కొలవడానికి బయల్దేరాను. మొదటి కొలత బాగానే వచ్చింది. రెండోదాని కోసం వెనక్కి వెనక్కి నడుస్తూ, ఒక కన్ను మూసుకుని, తిన్నగా గార్డ్స్, అదే పోలీసులు, పెట్టిన లాక్‌డౌన్ చెక్‌పాయింటులోకి వెళ్ళాను. ఎక్కడుంటావు, ఎక్కడికి పోతున్నావు, చేతిలో అదేంటి అన్నారు. మాటమీద మాట పెరిగింది. కాయితం మీద రాసిచ్చేదాకా కదలనివ్వలేదు. రాసిచ్చాను.

అదంతా పెద్ద కథ. ఇంకోసారి రాస్తాను. ఫింటన్ అని ఆ గార్డే ఇప్పుడు నాకోసం వచ్చి కింద కారులో కూర్చున్నాడు. హారను కూడా కొట్టాడు. వెళ్ళాలి. బావతో అనకు, ఊరికే కంగారుపడతాడు.

నీ తమ్ముడు
యెషయా


బ్లాంచర్డ్స్‌టౌన్,
5 ఫిబ్రవరి 2021

నా తమ్ముడా,

నీ ఉత్తరం చదివాను. ఏం రాసిచ్చావురా? తెలియని కాయితం మీద సంతకం పెట్టకూడదని నాన్న మనకెన్నిసార్లు చెప్పాడు! మీ బావతో అనొద్దన్నావు, నేను అనలేదు. ప్రార్థన గ్రూపులో మాత్రమే చెప్పాను. వాళ్ళు మీ బావతో అన్నారు.

పాస్టర్ ఆమోసు గారు నీ విడుదల కోసం గొలుసు ఉపవాసం ప్రకటించారు. ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క పూట. మాది మధ్యాహ్నం. ఇక్కడే ఒక తప్పు జరిగింది. నువ్వు రాసిన కాయితాలు ఫోటో తీసి పెట్టమన్నారు సూర్యప్రభ ఆంటీ, ప్రార్థించేటప్పుడు చేతిరాత చూస్తే భారం కలుగుతుందట. నేను చూసుకోకుండా వెనక కాయితం కూడా పెట్టేశాను. సైన్‌ని ఇంగ్లీషులో పొట్టిగా రాస్తే పాపం అనే మాటే అవుతుందని నాకప్పుడు తట్టలేదు. ఆంటీ చదువుకున్నారు: పాపం నలభై ఎనిమిది, పాపం ముప్పై రెండు, కింద గీత గీసి పాపం పదహారు. ఆవిడ వెంటనే ఫోను చేసి, "లీలమ్మా, పిల్లోడు లెక్కపెట్టి మరీ ఒప్పుకున్నాడు. పైవి కొట్టేస్తే పదహారే మిగిలాయి. దేవుడు క్షమిస్తాడు," అని ఏడ్చారు. త్రికోణమితి అని ఎంత చెప్పినా, "అమ్మా, దాని పేరు ఏదైతేనేం," అంటున్నారు.

ఒక్క మేలు జరిగింది. నీ ఉత్తరం వచ్చిందనగానే డెబోరా కిందికి దిగింది. 'క' చూసి అదేంటంది. చెప్పాను. క, కా, కి అని రెండుసార్లు అంది. లెక్క అలాగే దించి టీచరుకి పంపింది, గడువు దాటినా.

లోపల దుప్పటి ఇస్తున్నారా? నువ్వు చలికి ఆగవు.

లీలక్క

జైల్లో ఉన్నవాణ్ణి అడగకూడదు కానీ, ఇంకో లెక్క పెడుతున్నాను. తిరిగే పెద్ద చక్రం. ఇరవై మీటర్ల వ్యాసార్థం, కింద రెండు మీటర్ల ఖాళీ. ఎక్కినవాడి ఎత్తు ఎప్పుడెంతో చెప్పే ఫంక్షను కావాలి. వీలైతేనే.


కార్క్,
6 ఫిబ్రవరి 2021

అక్కా,

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఈ వారమంతా నాకు ఊపిరి సలపలేదు. ఫింటన్ రోజు విడిచి రోజు వస్తున్నాడు. ఇప్పుడు అతని సార్జెంటు కూడా తోడయ్యాడు. ఆయన ఇంకా గట్టివాడు. చెప్పిందే నాలుగుసార్లు చెప్పిస్తాడు, రాసింది కొట్టేసి మళ్ళీ రాయిస్తాడు. ఎక్కడో ఒకచోట తడబడతానని చూస్తాడు. చలిలో నిలబెట్టే చేస్తున్నారు, లోపలికి ఎవర్నీ రానివ్వరు కదా.

నిజం చెప్పనా? నాకు బాగానే ఉంది. ఆదివారం కూడా వెళ్ళాను. ఈస్టర్ దాకా వదిలేటట్టు లేరు.

డెబోరాకి రెండు కోణాల లెక్క అర్థమైందా? అవ్వకపోతే ఎక్కడ ఆగిందో అడిగి రాయి. నా గురించి ఆలోచించకండి.

యెషయా


బ్లాంచర్డ్స్‌టౌన్,
11 ఫిబ్రవరి 2021

యెషయా,

మీ బావ ఇక ఆగలేక కార్క్ పోలీసు స్టేషనుకి ఫోను చేశాడు. మా బావమరిది, పేరు యెషయా, ఇండియన్ అన్నాడు. అవతలివాడు నవ్వుతూ, "ఆఁ, ద మ్యాత్స్ ఫెల్లా! ఫింటన్ దగ్గరున్నాడు, బాగా చూసుకుంటున్నాం," అన్నాడట. వాళ్ళ యాసలో మీ బావకి అది మ్యాత్స్ అని వినపడలేదు. మెత్ అని వినపడింది. మెత్ అంటే మత్తుమందట రా! ఫోను పెట్టేసి మెట్లమీద కూర్చుండిపోయాడు. "మీ వాడు బియ్యం డబ్బాలో పెట్టింది ఫోను కాదు," అన్నాడు. పదిహేడేళ్ళ కాపురంలో ఆయన మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

ఆ కోపంలోనే స్టేషను అడ్రసుకి నీ పేర పార్సిలు కట్టాను. దుప్పటి, బైబిలు, రెండు బనీన్లు, గోంగూర పచ్చడి. పచ్చడి సీసా మూత గట్టిగా తిప్పి టేపు వేశాను, జాగ్రత్త.

డెబోరా విని మాత్రం భయపడలేదు. మొదటిసారి నవ్వింది. "మమ్, హి గాట్ అరెస్టెడ్ ఫర్ ట్రిగ్?" అంది, ఆన్‌లైన్ క్లాసులో కూడా చెప్పేసిందట. టీచరేమో ఆ 'క' అన్న గుర్తు ఏంటని అడిగితే, "తీటా లాంటిదే, మా అమ్మ ఊరు బాపట్ల నుంచి వచ్చింది," అందట. ఇప్పుడు పిల్లలందరూ కోణానికి 'క' రాస్తున్నారట, ఒకడు తలకట్టు తలకిందులుగా పెడుతున్నాడట. అది వాడికి సరిచేసి చూపించిందట. ఇన్ని మాటలు అది నాతో ఒకేసారి అని ఏడాది దాటింది. నువ్వు జైల్లో ఉండబట్టి నా కూతురు మాట్లాడుతోంది. దీనికి ఏడవాలో నవ్వాలో తెలియక వార్డులో మాస్కు వెనక రెండూ చేశాను.

అబద్ధమైనా సరే, క్షేమమని ఒక ముక్క రాయి.

అక్క


కార్క్,
17 ఫిబ్రవరి 2021

అక్కా! అక్కా!

నేను జైల్లో లేను. ఎప్పుడూ లేను. ఈ వాక్యం ముందు గ్రూపులో పెట్టి, తర్వాత మిగిలింది చదువు. వెనక కాయితం మాత్రం పెట్టకు.

జరిగింది ఇది. లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు కదా. నువ్వు దాటావు, రోడ్డు మీద ఆరు అవుతుంది, అన్నాడు ఫింటన్. రోడ్డు ఎవడిక్కావాలి, మా ఇల్లు కేంద్రంగా వృత్తం గీస్తే నేను లోపలే ఉన్నాను, అన్నాను. తూర్పుకి మూడు, ఉత్తరానికి మూడుంముప్పావు. రెండింటినీ వర్గం చేసి కూడితే ఇరవైమూడు చిల్లర. ఇరవైఐదు దాటలేదు. ఆయన, "అది కాయితం మీద రాసి చూపించు," అన్నాడు. రాశాను. ఆయన అది చూసి, "మా అమ్మాయి నీవ్‌కి సరిగ్గా ఇదే లెక్క ఇచ్చారు, ఇంట్లో అందరం ఏడుస్తున్నాం," అన్నాడు. కారులో వచ్చింది అందుకు. సార్జెంటుకి కవల పిల్లలు, ఇద్దరూ హయ్యర్ లెవెలే. ఆయన ముందు తాను నేర్చుకుని వాళ్ళకి చెబుతాడు, అందుకే నాలుగుసార్లు అడుగుతాడు. చెక్‌పాయింటు డ్యూటీ అయ్యాక, రోడ్డు పక్కన, రెండు మీటర్ల దూరంలో, ట్రాఫిక్ కోను మీద పుస్తకం పెట్టి చెబుతున్నాను.

నీ పార్సిలు స్టేషనుకి వచ్చింది. బైబిలూ బనీన్లూ చూసి వాళ్ళు నేను అక్కడ కాపురం పెడుతున్నానేమో అనుకున్నారు. పచ్చడి ఫింటన్ చేతికిచ్చాను. బ్రౌన్ బ్రెడ్డు మీద జామ్ రాసినట్టు రాసుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే "గ్రాండ్, గ్రాండ్," అన్నాడు. మీ డెబోరా ఆ మాట ఎందుకంటుందో నాకప్పుడు కొంత అర్థమైంది.

చక్రం లెక్క జతచేశాను. ఎత్తు ఇరవైరెండు మైనస్ ఇరవై కాస్. మనిషి అట్టడుగున ఎక్కుతాడు కాబట్టి కాస్. కొత్త ఫోను వచ్చింది, నంబరు పాతదే. కానీ లెక్కలు ఉత్తరంలోనే పంపు. పోస్టతను తలుపు కొడతాడు.

యెషయా


బ్లాంచర్డ్స్‌టౌన్,
25 ఫిబ్రవరి 2021

తమ్ముడూ,

నువ్వు జైల్లో లేవని తెలిసి అందరూ సంతోషించారు కానీ ఎవ్వరూ నమ్మలేదు. పాస్టర్ గారు అంటారూ, "ఇంతమంది ఉపవాసం ఉన్నాక స్తుతి కూడిక పెట్టకపోతే ఎలాగమ్మా?" అసలు లోపలికే వెళ్ళలేదండీ అన్నాను. సూర్యప్రభ ఆంటీ అందుకున్నారు: "వెళ్ళకముందే విడిపించాడంటే అంతకన్నా గొప్ప విడుదల ఏముంది?" మార్చి ఏడు, ఆదివారం జూమ్‌లో కూడిక. నువ్వు సాక్ష్యం చెప్పాలి. ఈసారి డబ్బు కట్టి కొన్నారు, నలభై నిమిషాల భయం లేదు, అదే నా భయం.

ఇంట్లో ఇంకో గొడవ. నువ్వు కాస్ అన్నావు, టీచరు జవాబులో సైన్ ఉంది. మీ బావ గంతేశాడు, "చూశావా, మీ తమ్ముడు తప్పు," అని. నేను కాస్ పక్షం. రెండు రోజులు ఇంట్లో సైన్ వాళ్ళకి వేరే కూర, కాస్ వాళ్ళకి వేరే కూర. చివరికి డెబోరా మమ్మల్నిద్దర్నీ హాల్లో కూర్చోబెట్టింది. ప్లేటు తిప్పి చూపిస్తూ, రెండూ ఒకటే, చూడటం మొదలుపెట్టిన చోటు వేరు, అంది. మీ బావకి అర్థమైంది. నాకు కాలేదు కానీ, ప్లేటు పట్టుకున్న దాని చేతులు చూస్తూ తల ఊపాను. గోళ్ళు కొరుక్కోవడం మానేసింది రా.

కూడిక రోజు నాకు డ్యూటీ పడింది. ఏం చెప్పావో తర్వాత వివరంగా రాయి.

మీ లీలక్క


కార్క్,
8 మార్చి 2021

అక్కా,

నువ్వు నిన్న లేకపోవడం మంచిదయిందో కాదో తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను జైలుకి వెళ్ళలేదనే చెబుదామని కూర్చున్నాను. రెండుసార్లు చెప్పాను కూడా. ఒకసారి మ్యూట్‌లో ఉన్నాను, ఒకసారి పాట పాడుతున్నారు. ఇంతలో సూర్యప్రభ ఆంటీ, "బాబూ, గది ఎలా ఉండేది?" అని అడిగారు. ఏ గది అని అడగాల్సింది. అడగలేదు. ఉన్నది చెప్పాను. ఒక్క కిటికీ అండీ, అవతల గోడ కనిపిస్తుంది. ఒక్క కుర్చీ. దాని మీదే పని, దాని మీదే తిండి. పోయిన మార్చి నుంచి. గొంతు పనిచేస్తుందో లేదో చూసుకోడానికి అప్పుడప్పుడూ ఎక్కాలు పైకి చదువుకునేవాణ్ణి, అన్నాను. గడుల్లో అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. అప్పుడు తట్టింది, నేను చెబుతున్నది నా ఫ్లాటు గురించని. ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు.

ఇక ఆపలేకపోయాను. ఆ గార్డు నన్ను ఆపి "ఎక్కడికి వెళ్తున్నావు?" అన్నాడు చూశారా, ఆఫీసు సంగతి కాకుండా నన్ను ఎవరైనా ఏదైనా అడిగి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తురాలేదండీ, అందుకే అంతసేపు వాదించాను, అన్నాను. వదిలేస్తాడేమోనని భయమేసింది, అన్నాను. ఆ మాట అనాలని నేననుకోలేదు.

పాస్టర్ గారు కూడా ప్రార్థన మొదలుపెట్టలేదు. తర్వాత మీ అమ్మాయి గొంతు వినిపించింది. "మామయ్యా, ఆర్ యు గ్రాండ్?" అంది. గ్రాండే అన్నాను. "నో, బట్, నిజంగా?" అంది. నిజంగా అన్న మాట తెలుగులోనే అంది. అంత చక్కగా అంటుందని నాకు తెలియదు. కాదమ్మా అన్నాను.

కూడిక అక్కడితో అయిపోయింది. సాయంత్రం దాకా ఫోను మోగుతూనే ఉంది. సూర్యప్రభ ఆంటీ మూడుసార్లు చేశారు, మూడుసార్లూ ఏం కూర అని.

నువ్వు దీని గురించి పెద్దగా ఏమీ రాయొద్దు. పరీక్ష ఎప్పుడో రాయి.

యెషయా


బ్లాంచర్డ్స్‌టౌన్,
2 మే 2021

యెషయా,

రాయొద్దన్నావు కాబట్టి ఇన్నాళ్ళూ ఫోన్లోనే వాగాను. ఇవాళ రాస్తున్నాను.

పరీక్ష ఫలితం వచ్చింది. నూటికి అరవై రెండు. టీచరు హయ్యర్ లెవెల్‌లోనే ఉంచుతానంది. ఇంకొంచెం వస్తుందనుకున్నాను, దాచను. ఒక లెక్కలో అన్నీ సరిగా చేసి చివర్న జవాబు కొత్తగా నేర్చుకున్న తెలుగంకెల్లో రాసిందట. టీచరు చదవలేక సున్నా వేసింది. ఫోన్ చేసి బతిమాలుకుందామంటే డెబోరా ఒప్పుకోలేదు. "ఇట్స్ మై ఓన్ ఫాల్ట్, మమ్," అని భుజాలెగరేసింది. తర్వాత నా పక్కన సోఫాలో వచ్చి కూర్చుంది. నాకు వాక్సిన్ రెండోది కూడా అయ్యింది కదా, నా భుజం మీద తల పెట్టింది. నేను గంటసేపు కదల్లేదు. చెయ్యి తిమ్మిరెక్కింది. కదల్లేదు.

పదో తారీకు నుంచి జిల్లాల్లాంటి ఈ కౌంటీలు దాటొచ్చట. నేను ఆ సోమవారం సెలవు పెట్టాను, మీ బావా పెట్టాడు. పొద్దున్నే బయల్దేరి వస్తున్నాం. లోపలికి రావొచ్చో కూడదో రూల్సు నాకు అర్థం కాలేదు, కూడదంటే మీ ఇంటి ముందు పేవ్‌మెంటు మీద కూర్చుంటాం. మీ బావ పొద్దున షాపుకెళ్ళి మూడు మడత కుర్చీలు కొన్నాడు. కారులో కూరగిన్నె కూడా పట్టాలి, ఎలా సర్దాలో తండ్రీ కూతుళ్ళు డ్రైవ్‌వేలో పోట్లాడుకుంటున్నారు, ఇక్కడికి వినిపిస్తోంది. తిరుగు ప్రయాణంలో గిన్నె మాతో వస్తుంది. కుర్చీలు నీ దగ్గరే ఉంటాయి.

ఒకటి అడగమంటున్నాడు మీ బావ. మీ బిల్డింగులో లిఫ్టు ఉందా, లేక అన్నీ మోసుకుని ఎక్కాలా?

లీలక్క